రక్తపు పాళ్లు, రోగాల చిట్టా

ఢిల్లీ చుట్టూ ఉన్న జాతీయ రాజధాని ప్రాంతం పరిధిలోకి వచ్చే మీరట్‌లోని కేంద్రీయ పశు పరిశోధన సంస్థ, సైనిక పాడి క్షేత్రాలతో కలిసి, ఎనిమిదింట ఐదు పాళ్లు హోల్‌స్టీన్ ఫ్రీజియన్ రక్తం, మూడు పాళ్లు సాహివాల్ రక్తం ఉన్న ఫ్రీస్వాల్ అనే సంకర జాతిని రూపొందించింది. పాలు విదేశీ జాతి నుంచి, ఎండనూ పిడుదులనూ తట్టుకునే గుణం సాహివాల్ నుంచి రావాలన్నది అందులోని ఆలోచన.

పిడుదులు మోసుకొచ్చే జబ్బుల విషయంలో ఈ రెండో గుణం ఉత్త నమ్మకం కాదు. పిడుదు కుట్టినప్పుడు దాని లాలాజలంతో పాటు పశువు ఒంట్లో చేరే ఏకకణ పరాన్నజీవి తెల్లరక్తకణాలను ఆక్రమించడం వల్ల వచ్చే జబ్బు థైలేరియాసిస్. భుజం ముందరి లింఫ్ గ్రంథి ఉబ్బి, ఒళ్లు కాలిపోతూ, కనురెప్ప లోపలి పొర పాలిపోయి కనిపించే సంకర దూడ విషయంలో పశువైద్యుడు ముందుగా అనుమానించే వాటిలో ఇదొకటి. స్కాట్లాండ్‌లోని రోస్లిన్ సంస్థ పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో ఈ పరాన్నజీవిని ఎక్కించగా హోల్‌స్టీన్ దూడలు తీవ్రంగా జబ్బుపడ్డాయి, సాహివాల్ దూడలు స్వల్ప లక్షణాలతోనే గట్టెక్కాయి.

అయితే మూడు పాళ్లన్నది మందకు చెప్పే సగటు లెక్క మాత్రమే. ఒకే ఆబోతుకు పుట్టిన రెండు పెయ్యదూడల్లో ఒకదానికి సాహివాల్ తట్టుకునే శక్తి దక్కవచ్చు, రెండోదానికి దక్కకపోవచ్చు, వాటిని విడదీసి చూపేది ఏ దూడ ఎప్పుడు జబ్బుపడిందో రాసి ఉంచిన చిట్టాయే. పొదుగువాపు వంటి వ్యాధుల్లో వంశపారంపర్యత, అంటే పశువుల మధ్య కనిపించే తేడాలో తల్లిదండ్రుల నుంచి సంక్రమించే వంతు, చాలా స్వల్పం కాబట్టి ఒక ఆబోతు విలువ తేలాలంటే దాని కూతుళ్ల ఆరోగ్య వివరాలు పెద్ద సంఖ్యలో కావాలి. నార్వే 1975 నుంచే ప్రతి ఆవు చికిత్సనూ నమోదు చేస్తూ, ఆ వివరాలను ఆబోతుల ఎంపికలో వాడుకుంటోంది.

1889లో అలహాబాద్‌లో మొదలైన సైనిక పాడి క్షేత్రాలు 2021లో మూతపడటంతో, ఒకే యాజమాన్యం కింద వేల పశువులకు లెక్క రాయగలిగిన అరుదైన అవకాశం దేశం చేజారింది. ఖర్చు తగ్గిందని సంతోషించినవారు ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకున్నట్టు కనిపించదు. ఇక మిగిలింది ఢిల్లీ చుట్టుపక్కల గ్రామాల్లో రెండు మూడు ఆవులున్న రైతులే. ఆ పశువుల చెవులకు పన్నెండంకెల బిళ్లలు వేస్తున్నారు గనుక, గర్భధారణకు వాడిన ఆబోతు నంబరునూ తర్వాత జరిగిన చికిత్సనూ ఆ అంకెల కిందే కలిపి రాయవచ్చు. పుట్టిన తొలి గంటల్లో ముర్రుపాలు అందాయా లేదా అన్నదీ అందులో ఉండాలి. అవి తాగక నీరసించి చచ్చిన దూడ పాపాన్ని ఆబోతు ఖాతాలో వేస్తే ఎంపిక మొత్తం తప్పుదారి పడుతుంది. ఇంతా చేసినా, వీర్యం స్ట్రా తెచ్చినవాడిని రైతు మొదట అడిగేది ఆబోతు తల్లి ఎన్ని లీటర్లిచ్చిందనే. పాలకు సేకరణ కేంద్రంలో డబ్బు వస్తుంది, రాని జబ్బుకు ఎవరూ చెల్లించరు.