ముడికి మొక్కు

మా అమ్మమ్మకు అక్షరం ముక్క రాదు. మరచిపోకూడనిది ఏదైనా ఉంటే కొంగు చివర ముడి వేసుకునేది. పాలబాకీకి ఒక ముడి, శనివారం మొక్కుకు ఇంకొకటి, ఊరెళ్ళిన చిన్నకొడుక్కి రాయించాల్సిన ఉత్తరానికి మరొకటి. పొద్దుగూకాక అరుగు మీద కూర్చుని, చీకట్లో కొంగు తడుముకుంటూ ఒక్కొక్క పనీ పైకి చెప్పేది. ఏ ముడి దేనికో ఎన్నడూ తికమకపడలేదు. సముద్రం మీద దారి కనుక్కునే విద్య గురించి ఏ పుస్తకం తెరిచినా నాకు ఆ కొంగే కళ్ళముందు మెదులుతుంది. ఆ విద్య కూడా వందల ఏళ్ళు అలాగే బతికింది మరి: తాడులో, ముడిలో, చీకట్లో తడిమే వేళ్ళలో.

ముడీ, నీకు దండం.

దిక్సూచికి కీర్తి వచ్చింది. దీపస్తంభం తపాలా బిళ్ళల మీదికి ఎక్కింది. తెరచాప సినిమా పాటల్లో రెపరెపలాడింది. నువ్వు మాత్రం వాటన్నిటి వెనకా బిగిసి కూర్చుని, ఎవరి కంటా పడకుండా నీ పని నువ్వు చేసుకుపోయావు.

నేల మీద దారి తప్పితే అడగడానికి మనిషో మైలురాయో దొరుకుతుంది. కనీసం మన అడుగుజాడలైనా వెనక మిగులుతాయి. సముద్రం అలాంటిది కాదు. ఓడ చీల్చిన నీళ్ళు నాలుగు ఊపిర్లలో అతుక్కుపోతాయి. ముందు దారి లేదు, వెనక జాడ లేదు. చుట్టూ గుండ్రంగా ఒకటే గీత. అక్కడ మనిషిని కరిచే ప్రశ్న ‘ఎటు పోవాలి’ అన్నది కాదు. అది రేవులో బయల్దేరినప్పుడే తేలిపోయింది. ‘ఇప్పుడు ఎక్కడున్నాను?’ అన్నదే రోజూ తెల్లవారితే తనను తాను అడగాల్సిన మాట.

దానికి మొదటి జవాబు ఒక చిన్న చెక్కముక్కలో దొరికింది. అరచేతిలో ఇమిడే నలుచదరపు పలక. నడుమ చిల్లు. చిల్లులోంచి ఒక దారం. దారం పొడవునా ముడులు. అంతే. అరబ్బు నావికులు దాన్ని కమాల్ అన్నారు. తమిళ నావికులు రాప్పలగై అన్నారు, అంటే రాత్రి పలక. ఎంత ముచ్చటైన పేరు! పగలు దానికి పనే లేదు.

చీకటి పడ్డాక నావికుడు ఉత్తరానికి తిరిగి నిలబడతాడు. దారంలో ఒక ముడిని పళ్ళ మధ్య కరిచి పట్టుకుంటాడు. పలకను దారం బిగిసేంత దూరం ముందుకు చాస్తాడు. పలక కింది అంచు సముద్రపు గీత మీద ఆనాలి. పై అంచుకు ధ్రువ నక్షత్రం తగలాలి. తగిలిందా, ఆ ముడి ఏ రేవుదో ఆ రేవుకు ఎదురుగా ఉన్నట్టే. ఇక పడమటికి తిప్పుకుని తిన్నగా పోవడమే. చుక్క ఇంకా పైనుంటే దక్షిణానికి, కిందుంటే ఉత్తరానికి. లెక్కలు రాని మనిషి పంటి కింద భూగోళపు లెక్క!

19వ శతాబ్దం నడుమ మద్రాసులో కొలువు చేసిన ఒక ఇంగ్లీషు సైనికాధికారి ఈ పనిముట్టును కోరమాండల్ నావికుల చేతుల్లో చూసి రాసిపెట్టాడు. ఒక్కో ముడి ఒక్కో ఊరని వాళ్ళు చెప్పారట. అప్పటికి ఇంగ్లీషు ఓడల్లో సెక్‌స్టాంట్లు, పట్టికలు, గడియారాలు అన్నీ ఉన్నాయి. మనవాళ్ళ దగ్గర పురికొస ఉంది.

ఆ ముడులెక్కడ పడతాయో నేనూ లెక్కవేసి చూశాను. ధ్రువుడు ఏ ఊళ్ళో ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తాడో ఆ ఊరి అక్షాంశం ఉజ్జాయింపుగా అంతే. విశాఖలో 17.7 డిగ్రీలు, మచిలీపట్నంలో 16.2, మద్రాసులో 13, నాగపట్నంలో పదకొండుకు కాస్త తక్కువ. పలక ఎత్తు 7 సెంటీమీటర్లనుకుంటే విశాఖ ముడి 22 సెంటీమీటర్ల చిల్లర దగ్గర పడుతుంది, అంటే సరిగ్గా జానెడు. అక్కడి నుంచి రెండు సెంటీమీటర్లు జరిగితే మచిలీపట్నం. 30 దాటగానే మద్రాసు. 37 దగ్గర నాగపట్నం. అన్ని వందల మైళ్ళ తీరం, అన్ని నదుల నోళ్ళు, అన్ని ఇసుక తిన్నెలు, అన్నీ కలిపి మూరెడు దారంలో ఇమిడిపోయాయి. మూడు ముళ్ళతో ఒక సంసారాన్ని కట్టేసే జాతి మనది. అయినా ఈ మూరెడు దారం చూసి నేను నోరెళ్ళబెట్టాను.

అట్టముక్కతో ఒకటి చేసుకుని భీమిలి ఒడ్డుకు పోయాను కూడా. అక్కడ తెలిసింది, ఉత్తరాన సముద్రపు అంచు కావాలంటే సముద్రంలో ఉండాలి, ఒడ్డున కాదు. మనకు ఉత్తరాన ఉన్నది నేలే. దూరాన చెట్ల తలలు కలిసే చోటునే అంచు అనుకుని కొలిచాను. ఒక డిగ్రీ తప్పింది. ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. ఆ లెక్కన ఆ రాత్రి నేను భీమిలి ఇసుకలో నిలబడి కాకినాడలో దిగాను!

ధ్రువుడా, నీ మాట కూడా చెప్పుకోవాలి. తండ్రి ఒళ్ళో చోటివ్వకపోతే అలిగి వెళ్ళి, ఎవరూ దింపలేని ఎత్తున చోటు సంపాదించుకున్న పసివాడివని పురాణం. ఒళ్ళో చోటు దొరకని పిల్లవాడు లోకంలో ఓడలన్నిటికీ చోటు చెప్పేవాడయ్యాడు. అయితే నిలకడకు మారుపేరైన నీకూ నిజంగా నిలకడ లేదు. భూమి బొంగరంలా తల ఊపుతుంది కనుక, 500 ఏళ్ళ కిందట నువ్వు ధ్రువానికి మూడు డిగ్రీలకు పైగా పక్కన తిరుగుతుండేవాడివి. ఆ సంగతి నావికులకు తెలుసు. నీ చుట్టుపక్కల చుక్కల వాలు చూసి నీ పొరపాటును వాళ్ళే దిద్దుకునేవారు. మేం నేల మీదివాళ్ళం మాత్రం నిన్ను పెళ్ళిళ్ళలో ఇంకా నిలకడకే సాక్షిగా పిలుస్తున్నాం.

ముడీ, పడవను పడవగా నిలబెట్టింది కూడా నువ్వే. మన తీరంలో మసూలా పడవలకు మేకు ఉండేది కాదు. పలకల అంచులకు చిల్లులు పొడిచి కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు, గోనెసంచి మూతి కుట్టినట్టు. కెరటం ఒడ్డున విసిరి కొట్టినప్పుడు మేకుల పడవ పగులుతుంది. కుట్టిన పడవ ఒళ్ళు విరుచుకుని మళ్ళీ సర్దుకుంటుంది. శాతవాహనులు రెండు తెరచాప కొయ్యల ఓడను నాణెం మీద వేసుకున్నారు. ఆ తర్వాతి కాలంలో మనవాళ్ళు కోరంగి రేవులో ఓడలు కట్టి రంగూన్ దాకా నడిపారు. ఆ ఊరి పేరు బర్మాలో తెలుగువాళ్ళందరికీ పేరైపోయింది. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. తొమ్మిదేళ్ళకు కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు గాలివానలకు ‘సైక్లోన్’ అని పేరు పెట్టాడు. గ్రీకులో పాము చుట్ట అని దాని భావం. అదీ ఒక ముడే, సముద్రం వేసేది. దాన్ని విప్పినవాడు లేడు.

దారి తప్పినవాడి గోడు విన్న రాజు మాత్రం ఒకడున్నాడు. గాలివానకు కొట్టుకొచ్చి పరాయి ఒడ్డున పగిలిన ఓడలోని సరుకంతా ఆ నేల ఏలే రాజులు లాక్కోవడం అప్పటి రివాజు. అది చెల్లదు, వాడుక సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనం వేయించాడు. రాయి మీద చెక్కిన దయ. ఓరుగల్లు కోట కన్నా నాకు ఆ రాయంటేనే గౌరవం.

ఎంత వేగంతో పోతున్నాం అన్నదానికీ ముడినే అడిగారు. యూరపు ఓడల్లో వెనక అంచు నుంచి ఒక చెక్కముక్కను నీళ్ళలోకి వదిలేవారు. అది నీళ్ళలో నిలబడిపోతుంది, ఓడ ముందుకు పోతుంది, చెక్కకు కట్టిన తాడు చక్రం మీంచి జరజరా జారుతుంది. తాడులో 47 అడుగుల 3 అంగుళాలకు ఒక ముడి. పక్కన ఒక కుర్రాడు ఇసుక గడియారం పట్టుకుని చూపు తిప్పకుండా నిలబడతాడు. చివరి రవ్వ రాలడానికి 28 సెకన్లు. రాలగానే కేక వేస్తాడు. ఆ కేకతో తాడు బిగించి పట్టేస్తారు. ఉప్పునీళ్ళకు పగిలిన అరచేతిలోంచి ఎన్ని ముడులు జారిపోయాయో, ఓడ వేగం అన్ని ముడులు. లెక్క పుస్తకానికి ఆ చెక్కముక్క పేరే పెట్టారు, లాగ్ అని. పొద్దున లేచి ఫోన్‌లో ‘లాగిన్’ అయ్యే మనం ఆ తడిసిన చెక్కనే తలుచుకుంటున్నామని ఎంతమందికి తెలుసు? మన తీరపు నావికులది ఇంకా చులాగ్గా ఉండేది. ఓడ ముక్కు దగ్గర కొయ్యముక్క వేసి, దానితో సమానంగా వెనక అంచు దాకా నడిచేవారు. తమ నడక వేగమే ఓడ వేగం.

లోతు తెలుసుకోవడానికీ తాడే. చివర సీసపు గుండు. తాడు మీద గుర్తులు: ఒకచోట తోలు పీలికలు, ఒకచోట తెల్ల గుడ్డ, ఇంకోచోట ఎర్ర గుడ్డ, 20 బారల దగ్గర రెండు ముడులు. రంగులు పగటికి. రాత్రికి ఒక్కో గుడ్డ నేత ఒక్కో తీరు, వేలికి తెలిసేలా. వేళ్ళు చలికి కొయ్యబారితే పెదవికి ఆనించి చూసుకునేవారు. గుండు అడుగున గుంటలో కొవ్వు పూసేవారు. అది సముద్రపు నేలను కొద్దిగా అంటించుకుని పైకి తెచ్చేది. ఇసుకా, గవ్వ ముక్కలా, ఒండ్రా? తీరం కంటపడక ముందే గోదావరి మట్టి నావికుడి అరచేతిలోకి వచ్చేది. మన బార, వాళ్ళ ఫాదం ఒకటే కొలత: రెండు చేతులూ చాచిన మనిషి వెడల్పు. అంత సముద్రాన్నీ మనుషులు కావలించుకుని కొలిచారు.

ముడి ఓడిపోయిన చోటూ ఉంది, అదీ చెప్పాలి. ఉత్తర దక్షిణాలు చుక్క చెబుతుంది. తూర్పు పడమరలు చెప్పదు. ఆకాశం మొత్తం రాత్రంతా తూర్పు నుంచి పడమటికి దొర్లిపోతుంటే ఏ చుక్కను పట్టుకుని కొలుస్తావు? 1707 అక్టోబరులో ఇంగ్లండు నౌకాదళం ఎక్కడున్నదీ తెలియక సిల్లీ దీవుల రాళ్ళకు గుద్దుకుంది. నాలుగు ఓడలు, వెయ్యికి పైగా ప్రాణాలు. 1714లో పార్లమెంటు ఆ తూర్పు పడమరల లెక్క తేల్చేవాడికి 20 వేల పౌన్ల బహుమానం ప్రకటించింది. పండితులు చంద్రుడి నడకలో జవాబు వెతికారు. జాన్ హారిసన్ అనే వడ్రంగి గడియారంలో వెతికాడు. బయల్దేరిన ఊళ్ళో మధ్యాహ్నం ఎప్పుడో గడియారంలో తెలిస్తే, ఇక్కడ మధ్యాహ్నం ఎప్పుడో చూసుకుంటే, తేడా నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. అతని నాలుగో గడియారం పెద్ద జేబుగడియారమంత. 81 రోజులు అలల మీద ఊగుతూ జమైకా చేరి, 5 సెకన్లే వెనకబడింది. డబ్బు పూర్తిగా చేతికందేసరికి అతనికి 80 ఏళ్ళు. సర్కారు బిల్లులు ఎక్కడైనా ఒకటే.

ఇక ముడీ గడియారమూ రెండూ అక్కరలేనివాడు ఒకడు. పసిఫిక్‌లో సతవాల్ దీవి మనిషి మౌ పియాయిలుగ్. 1976లో హవాయి నుంచి తహితీకి, 4 వేల కిలోమీటర్లు, హోకులేయా అనే జంట పడవను ఒక్క పనిముట్టూ లేకుండా నడిపించాడు. చుక్కలు ఉదయించే చోట్లు, అలలు పడవను తాకే తీరు, ఇవే అతని పుస్తకం. అతని ముందు నా స్తోత్రం కాసేపు ఆపుకుంటాను.

ఇవాళ పడవలో చిన్న తెర ఉంది. కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి నాలుగు దూరాలు కొలుచుకుని, ఆ నాలుగూ కలిసిన చోట చుక్క పెడుతుంది. నా కంటికి అవి నాలుగు కనిపించని దారాలు. కొలత అంతా గడియారం మీదే. సెకనులో పది లక్షలో వంతు తప్పితే 300 మీటర్లు తప్పుతుంది. మన ‘నావిక్’ ఉపగ్రహాల్లో మొదటిది 2013 జులై 1న శ్రీహరికోట నుంచి లేచింది. రాత్రి పలకల పడవలు ఒకప్పుడు దాటిపోయిన తీరమే అది. కొన్నేళ్ళకే ఆ ఉపగ్రహంలోని మూడు అణు గడియారాలూ మొరాయించాయి. 2017లో నల్లసముద్రంలో ఇరవై ఓడల దాకా తెర మీద చూసుకుంటే ఒడ్డున విమానాశ్రయంలో ఉన్నట్టు తేలింది. ఎవరో దొంగ సంకేతం పంపారు. అమెరికా నౌకాదళ అకాడమీ మానేసిన చుక్కల చదువును 2015లో మళ్ళీ మొదలుపెట్టింది. దారానికి దొంగ సంకేతం పంపడం కుదరదు కదా.

నువ్వు ఎక్కడికీ పోలేదు, ముడీ. 2017 సెప్టెంబరులో ఆరుగురు నౌకాదళ అధికారిణులు ‘తారిణి’ తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరి భూమిని చుట్టివచ్చారు. అందులో మన విశాఖ పాతర్లపల్లి స్వాతి ఉంది, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య ఉంది. వాళ్ళు దాటింది 21,600 నాటికల్ మైళ్ళు. నాటికల్ మైలంటే, ఉత్తరానికి పోతే ధ్రువుడు ఒక కళ, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, పైకి లేచే దూరం. ఆ పడవ వేగాన్నీ, దక్షిణ సముద్రంలో దాన్ని కుదిపిన గాలినీ కొలిచింది నాట్లలోనే. నాట్ అంటే ముడి.

చదువరీ, ఒక్క పని చేసి పెట్టు. 7 సెంటీమీటర్ల ఎత్తున అట్టముక్క కత్తిరించు. నడుమ చిల్లు పొడిచి పురికొస దూర్చు. విశాఖలో ఉన్నా హైదరాబాదులో ఉన్నా జానెడు దగ్గర ముడి వెయ్యి. పళ్ళతో కరవకు, కంటి కింద చెంప ఎముకకు ఆనించుకో, కొలత సరిగ్గా వస్తుంది. కరెంటు పోయిన రాత్రి మేడెక్కి సప్తర్షులను, అదే మన మంచంకోళ్ళను వెతుక్కుని, అక్కడి నుంచి ధ్రువుణ్ణి పట్టుకో. డాలస్‌లో ఉన్న మీ అమ్మాయినీ చేయమను. అక్కడ ధ్రువుడు ఇంకా పైన ఉంటాడు, దారం 12 సెంటీమీటర్లు చాలు. న్యూజెర్సీలో పది కూడా అక్కరలేదు. మెల్‌బోర్న్‌లో ఉన్న అబ్బాయికి మాత్రం చెప్పకు. అక్కడ ఆ చుక్క కనిపించదు.