నల్లగడుల బంధకవిత్వం

కొబ్బరిబోండాల బండికి తాడుతో వేలాడదీసిన అట్ట మీద ఉంటుంది. మిర్చిబజ్జీల బండి అద్దం మీద నూనె మరకలతో ఉంటుంది. పూలగంప అంచున, ఆటోలో డ్రైవరు సీటు వెనక, గుడి హుండీ పక్కన ఉంటుంది. “స్కానర్ ఎక్కడండీ?” అని అడగడం, ఫోన్ ఎత్తడం, డబ్బులు పడ్డాయని సౌండ్ బాక్స్ అరవడం, మన దారిన మనం పోవడం. 2016లో యూపీఐ వచ్చిన తర్వాత ఈ నలుపు తెలుపు చతురస్రాన్ని చూడని తెలుగు మనిషి అరుదు. ఆగి చూసిన మనిషి అంతకన్నా అరుదు.

నేను ఆగి చూసే రకం. టీ చల్లారిపోతున్నా సరే, కొట్టు గోడకు అతికించిన క్యూఆర్ కోడ్‌ను తేరిపార చూస్తూ నిలబడతాను. మన కాలపు వీధుల్లో కనిపించే బొమ్మల్లో ఇంతకు మించిన అందగత్తె లేదని నా గట్టి నమ్మకం. ఆ అందమంతా ఒకే ఒక్క సుగుణంలోంచి పుట్టింది. తనను చూసే కన్ను సరిగ్గా చూడదని ముందే ఎరిగి, ఆ కంటి తప్పులన్నీ ముందే మన్నించి పుట్టిన బొమ్మ ఇది.

మొదట ఆ మూడు కళ్లను చూడండి. పై మూలల్లో రెండు, కింద ఎడమ మూలలో ఒకటి. నల్లని చట్రం, దాని లోపల తెల్లని చట్రం, నడుమ నల్లని దిమ్మ. ఒక కంటి నడిబొడ్డు మీదుగా గీత గీసి, దారిలో తగిలే రంగుల వెడల్పు కొలవండి. నలుపు ఒకటి, తెలుపు ఒకటి, నలుపు మూడు, తెలుపు ఒకటి, నలుపు ఒకటి. అడ్డంగా గీసినా, నిలువుగా గీసినా, ఏటవాలుగా గీసినా లెక్క మారదు. 1:1:3:1:1. ఈ కొలత ఎవరి చేతికో అలవోకగా వచ్చింది కాదు. 1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో ఈ కోడ్‌ను రూపొందించిన మసాహిరో హరా బృందం పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెలు ముందేసుకుని కూర్చుంది. అచ్చయిన కాగితం మీద నలుపు తెలుపుల వెడల్పులు ఏ నిష్పత్తిలో అతి తక్కువగా ఎదురవుతాయో వెతికి పట్టుకుంది. లోకం దాదాపుగా వాడని తాళాన్ని ఏరి తన బొమ్మకు వేసుకుంది. అందుకే సినిమా పోస్టరు, ధరల పట్టిక, అగరొత్తుల ప్రకటన, దేవుడి క్యాలెండరు అన్నీ ఒకే గోడ మీద కిక్కిరిసి ఉన్నా, ఆ సందడిలో కెమెరా ఈ ఒక్క తాళాన్నే గుర్తుపడుతుంది.

నాలుగో మూలలో అలాంటి కన్ను లేదు. అక్కడా ఒకటి పెట్టి ఉంటే బొమ్మ నాలుగు వైపులా సమంగా, ముచ్చటగా ఉండేదే. కానీ తల ఎటో తోక ఎటో తెలిసేది కాదు. ఆ లోటు వల్లే మీరు ఫోన్‌ను తలకిందులుగా పట్టుకున్నా కోడ్ తనను తాను నిలబెట్టుకుంటుంది. చతురస్రానికి సహజమైన సౌష్ఠవాన్ని ఒక్క మూలలో వదులుకుని దిక్కును సంపాదించుకోవడం, చేయి తిరిగిన శిల్పి చేసే పని.

హరా దీన్ని గీసింది మన బజ్జీల బండి కోసం కాదు. కారు విడిభాగాల కర్మాగారాల్లో పెట్టెలకు అతికించే బార్‌కోడ్‌లో ఇరవై అక్షరాలు పట్టడమే గగనం. ఒక్కో పెట్టెకు వరసగా పలు బార్‌కోడ్‌లు చదివించలేక పనివాళ్లు విసిగిపోయేవారు. మధ్యాహ్నం విరామంలో గో ఆట ఆడే అలవాటున్న హరాకు, గళ్ల పలక మీద నల్లరాళ్లు, తెల్లరాళ్లు చూస్తుంటే దారి తట్టింది. గీతల్ని ఒక వైపుకే చదవడమెందుకు, గడుల్ని రెండు వైపులా చదవొచ్చుగా! ఒక అలసట, ఒక ఆట కలిసి కన్న బిడ్డ ఇది.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. కళ్లను కలుపుతూ ఒక నల్లగడి, ఒక తెల్లగడి చొప్పున రెండు సన్నని వరసలు ఉంటాయి. బొమ్మలో గడి ఎంత వెడల్పో, మొత్తం ఎన్ని గడులున్నాయో అవి చెబుతాయి. అతి చిన్న కోడ్‌లో వైపుకు 21 గడులు, అతి పెద్దదానిలో 177. అసలు సమాచారం కుడి దిగువ మూలలో మొదలవుతుంది. రెండేసి గడుల వెడల్పున పైకి పాకుతుంది, అంచు తగలగానే ఎడమకు జరిగి కిందికి దిగుతుంది, మళ్లీ పైకి, మళ్లీ కిందికి. కన్ను అడ్డొస్తే పక్కకు తప్పుకుని సాగుతుంది.

బంధకవిత్వం రుచి తెలిసినవాళ్లకు ఈ నడక కొత్తేమీ కాదు. నాగబంధంలో పాము మెలికల వెంట, పద్మబంధంలో తామరరేకుల వెంట అక్షరాలు పేర్చి ఉంటాయి. దారి తెలిసినవాడికి పద్యం, తెలియనివాడికి బొమ్మ. క్యూఆర్ కోడ్ ఆ సంప్రదాయానికి తెలియకుండా పుట్టిన దూరపు చుట్టం. దారి నేర్చుకున్నాక, మొన్నటిదాకా గజిబిజిగా కనిపించిన గడులు బారులు తీరి నడుస్తూ కనిపిస్తాయి. సహృదయుడికి ఇంతకన్నా ఏం కావాలి?

అక్షరాలు పేర్చినంత మాత్రాన రచన పూర్తి కాదు. అక్కడక్కడ నల్లగడులు గుంపు కట్టొచ్చు, తెల్లటి ఖాళీ మిగిలిపోవచ్చు. అందుకని కోడ్ రాసే ప్రోగ్రాము ఎనిమిది రకాల తెరలను ఒక్కొక్కటిగా దాని మీద పరిచి, తెర చెప్పినచోటల్లా నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా తిప్పి చూస్తుంది. ప్రతి ప్రతిలోనూ నాలుగు దోషాలు లెక్కపెడుతుంది. ఒకే రంగు గడులు వరసగా ఐదు, అంతకు మించి వస్తే దోషం. రెండుకు రెండు గడుల ముద్ద కట్టినా దోషం. కళ్ల తాళాన్ని పోలిన వరస లోపల ఎక్కడైనా వస్తే పెద్ద దోషం. నలుపు, తెలుపు సగం సగానికి దూరంగా జరిగితే అదీ దోషమే. అన్నిటికన్నా తక్కువ దోషాలున్న ప్రతిని ఉంచుకుని, ఏ తెర వాడిందో ఆ సంఖ్యను కళ్ల పక్కనే రెండుసార్లు రాసిపెడుతుంది. ఒకచోట చెరిగితే ఇంకోచోట దొరకాలి కదా! మనకు హాయిగా అనిపించే ఆ చెదురుబాటు యాదృచ్ఛికం కాదు. ఎనిమిది చిత్తుప్రతుల్లోంచి నెగ్గిన శుద్ధప్రతి అది.

ఇక దీని గుండె గురించి. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు గణితజ్ఞులు 1960లో ఒక చిన్న పత్రం ప్రచురించారు. దాని సారం ఇలా చెప్పుకోవచ్చు. రెండు చుక్కల మీదుగా పోయే సరళరేఖ ఒక్కటే. అదే రేఖ మీద మూడో చుక్క, నాలుగో చుక్క కూడా పెట్టి పంపితే, దారిలో ఏ రెండు చెరిగిపోయినా మిగిలిన రెండిటితో రేఖను మళ్లీ గీసుకోవచ్చు. రేఖ బదులు వక్రరేఖ, రెండు చుక్కల బదులు మరిన్ని చుక్కలు అనుకోండి, అదే పద్ధతి. యురేనస్, నెప్ట్యూన్‌ల దగ్గర నుంచి వాయేజర్-2 పంపిన చిత్రాలు ఈ గణితం కాపలాలోనే భూమికి చేరాయి. గీతలు పడ్డ సీడీలో పాట తడబడకుండా వినిపించిందీ దీని చలవే. క్యూఆర్ కోడ్‌లో దీనికి నాలుగు మెట్లున్నాయి. సుమారుగా 7, 15, 25, 30 శాతం సమాచారం పాడైనా తిరిగి కట్టుకుంటుంది. చాలా స్టిక్కర్ల నడుమ దర్జాగా కూర్చునే లోగోను గమనించారా? అది కూర్చున్నచోట గడులుండాలి. అది కావాలని పెట్టిన గాయం. మానుతుందన్న ధీమాతో పెట్టిన గాయం.

ఇలాంటి బంధాలు చేరే చిత్రకావ్యాన్ని మన లాక్షణికులు అంతగా మెచ్చలేదు. ఆనందవర్ధనుడు దాన్ని కావ్యానికి అనుకరణ అని తోసేశాడు. మమ్మటుడు మూడో మెట్టు మీద, అంటే అట్టడుగున కూర్చోబెట్టాడు. కూర్పు అద్భుతమే కానీ ధ్వని, అంటే మాటల వెనక స్ఫురించే అర్థం, ఏదీ అన్నది వాళ్ల అభ్యంతరం. కొట్టు గోడ మీది బంధాన్ని విప్పితే దొరికేది ఒక చెల్లింపు చిరునామా, ఒక పేరు. ఇందులో రసమెక్కడ?

నా జవాబుకు దన్ను మరో లాక్షణికుడు క్షేమేంద్రుడు. ఏది ఎక్కడ తగునో అది అక్కడ ఉండటమే కావ్యానికి ప్రాణమన్నాడాయన. ఈ చతురస్రంలో తగనిది ఒక్క గడి చూపించండి. చుట్టూ వదిలిన నాలుగు గడుల తెల్లని అంచు కూడా ఊరికే లేదు. బొమ్మ ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఆ ఖాళీ కావాలి. రసమంటారా, సాయంత్రం రైతుబజారులో చూడండి. మసక వెలుతురు, ఎండకు వెలిసిన స్టిక్కరు, దాని మీద ఆరిన టమాటా రసం, పగిలిన గాజు వెనక మబ్బేసిన కెమెరా, వణుకుతున్న పెద్దాయన చేయి. అయినా టిక్కు పడుతుంది. తడబడే చూపును కసరకుండా చేయి పట్టి నడిపించే ఆ గుణానికి వాత్సల్యమని పేరు పెట్టడానికి నాకు సంకోచం లేదు. పేటెంట్ చేతిలో ఉండి కూడా డెన్సో ఆ హక్కును వాడుకోకుండా కోడ్‌ను అందరికీ వదిలేసింది. తోపుడుబండి దాకా ఇది నడిచి వచ్చిందంటే ఆ ఉదారత వల్లే.

లోపం చెప్పకపోతే ఇది విమర్శ కాదు, స్తోత్రమవుతుంది. ఈ బొమ్మ చిరుగును దిద్దుకుంటుంది, మరకను దిద్దుకుంటుంది. అబద్ధాన్ని దిద్దలేదు. రాత్రికి రాత్రి ఎవడో అసలు స్టిక్కరు మీద తనది అతికించి పోతే, అదీ ఇంతే అందంగా ఉంటుంది, ఫోన్ దాన్నీ ఇంతే చకచకా చదివేస్తుంది. డబ్బు మాత్రం వాడి ఖాతాలో పడుతుంది. మనిషి కంటికి రెండు చతురస్రాలూ ఒక్కటే. అందుకే పిన్ కొట్టే ముందు మనవాళ్లు ఒక్క క్షణం ఆగి అడుగుతారు. “ఎవరిదో పేరొస్తోందన్నా?” “మా బావమరిది పేరండీ, కొట్టేయండి.” బావమరిది మాట నిజమో కాదో ఏ గణితమూ సరిచూడలేదు. ఈ రచనకు ధ్వని అంటూ ఉంటే అది ఆ రెండు మాటల మధ్యే పుడుతుంది, కాగితం మీద కాదు. కాబట్టి దీన్ని ఉత్తమకావ్యమని నేననను. మమ్మటుడి మూడో మెట్టు మీంచి రెండో మెట్టు ఎక్కించమని మాత్రం ఎవరితోనైనా, ఎంతసేపైనా వాదిస్తాను.