భావోద్వేగ ప్రజ్ఞలో జెండర్ భేదం: పాతబస్తీ పనిచోట్ల నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం

స్త్రీలకు భావోద్వేగ ప్రజ్ఞ ఎక్కువన్న అభిప్రాయం ఉద్యోగరంగ పరిశోధనల్లో తరచుగా కనిపిస్తుంది. ఈ భేదం స్వభావం నుంచి వచ్చిందా, లేక పనిలోని స్థానం, ప్రతిఫలం నుంచి వచ్చిందా అన్న ప్రశ్నను హైదరాబాదు పాతబస్తీతో ముడిపడిన రెండు ఉదాహరణల ఆధారంగా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: భావోద్వేగ ప్రజ్ఞ, భావోద్వేగ శ్రమ, జెండర్, లాడ్‌బజార్, ఇంటి ఆధారిత పని

1. ఉపోద్ఘాతం

పీటర్ సాలొవే, జాన్ మేయర్ 1990లో భావోద్వేగ ప్రజ్ఞను ఒక శాస్త్రీయ భావనగా ప్రతిపాదించారు. తనలోని, ఎదుటివారిలోని ఉద్వేగాలను గుర్తించి, వాటి మధ్య తేడాను గ్రహించి, ఆ జ్ఞానాన్ని ఆలోచనకూ ఆచరణకూ వినియోగించుకోగలగడం వారి నిర్వచన సారం. 1995లో వెలువడిన డేనియల్ గోల్మన్ గ్రంథంతో ఈ భావన కార్యాలయాలకూ శిక్షణ తరగతులకూ చేరింది.

ఈ అంశంపై జరిగే పరిశోధనల్లో ఒక మూస పదేపదే ఎదురవుతుంది. ఒక ప్రశ్నావళి, స్త్రీ పురుషుల నమూనా, టీ-పరీక్ష, సార్థక భేదం ఉందనో లేదనో ఒక ఫలితం, చివరగా శిక్షణ అవసరమన్న సూచన. భేదం ఎందుకు ఏర్పడిందన్న ప్రశ్నకు ఈ మూసలో చోటు లేదు. ఆ ఖాళీని 'స్త్రీ సహజ స్వభావం' అన్న మాట పూరిస్తూ వస్తోంది.

2. కొలమానం మారితే ఫలితం మారుతుంది

మేయర్, సాలొవే, కరూసో రూపొందించిన సామర్థ్య పరీక్షలో స్త్రీల సగటు పురుషుల సగటు కంటే ఎక్కువగా వస్తుంది. అయితే తమ ప్రజ్ఞను తామే అంచనా వేసుకోమన్నప్పుడు పురుషులు తమకు ఎక్కువ విలువ కట్టుకున్నారని పెట్రైడ్స్, ఫర్న్‌హామ్ 2000లో చూపారు. కాబట్టి స్వీయ నివేదన ప్రశ్నావళి ఫలితాన్నీ సామర్థ్య పరీక్ష ఫలితాన్నీ ఒకే గాటన కట్టి చర్చించడం పద్ధతి రీత్యా దోషం.

మరో రెండు అధ్యయనాలు ఈ ప్రశ్నను ఇంకా లోతుకు తీసుకెళ్తాయి. సారా స్నాడ్‌గ్రాస్ 1985 నాటి ప్రయోగంలో కిందిస్థానంలో ఉన్నవారు, స్త్రీలైనా పురుషులైనా, నాయకస్థానంలో ఉన్నవారి మనోభావాలను ఎక్కువగా పసిగట్టారు. క్లైన్, హాడ్జెస్ 2001లో జరిపిన ప్రయోగంలో ఎదుటివారి భావాలను సరిగా గుర్తించినందుకు డబ్బు ఇస్తామన్నప్పుడు స్త్రీ పురుష భేదం కనిపించకుండా పోయింది. భేదమే లేదని తేల్చడానికి ఇవి చాలవు. కాని స్థానాన్నీ ప్రతిఫలాన్నీ లెక్కలోకి తీసుకోకుండా భేదాన్ని స్వభావానికి ఆపాదించడం తొందరపాటు అవుతుందని మాత్రం స్పష్టం చేస్తాయి.

3. విమానంలో వినిపించిన దుఃఖం

1991 ఆగస్టులో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పాతబస్తీకి చెందిన పదేళ్ల ప్రాయపు బాలిక ఏడుస్తుండడాన్ని విమాన పరిచారిక అమృతా అహ్లూవాలియా గమనించారు. పలకరించి విషయం రాబట్టారు. పెళ్లి పేరిట ఆ బాలికను సౌదీ అరేబియాకు చెందిన అరవై ఏళ్ల వృద్ధుడు తీసుకెళ్తున్నాడని తెలిసింది. విషయం అధికారులకు చేరింది, ఢిల్లీలో పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. దేశమంతటా చర్చనీయాంశమైన ఈ ఘటనను స్త్రీ హృదయానికి నిదర్శనంగా చెప్పుకోవడం తేలిక. అయితే అలా చెప్పినప్పుడు ఆమె ఆ సమయంలో ఉద్యోగధర్మంలో ఉన్నారన్న సంగతి మరుగున పడుతుంది.

ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో 'భావోద్వేగ శ్రమ' అన్న భావనను వివరించినప్పుడు ప్రధానంగా అధ్యయనం చేసింది విమాన పరిచారికలనే. వారి చిరునవ్వు సంస్థ జీతమిచ్చి చేయించుకునే పనిలో భాగమని ఆమె నిరూపించారు. ఆ పనికి అవసరమైన గమనింపునే అహ్లూవాలియా ఒక నిస్సహాయురాలి పక్షాన వినియోగించారు. ఇక్కడ ఉద్వేగాన్ని గుర్తించడం సగం పని మాత్రమే. ప్రశ్నించే హోదా, అధికారులకు తెలియజేసే వీలు ఉండబట్టి ఆ గుర్తింపు చర్యగా మారింది. ఎదుటివారి బాధ తెలిసినా ఏమీ చేయలేని స్థానంలో ఉన్నవారికి అదే ప్రజ్ఞ మనోభారంగా మిగులుతుంది. మన ప్రశ్నావళులు గుర్తింపును కొలుస్తాయి, చర్యాధికారాన్ని కొలవవు.

4. ఒకే నేర్పుకు రెండు పేర్లు

చార్మినార్ పక్కనున్న లాడ్‌బజార్ లక్కగాజులకు ప్రసిద్ధి. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ బజారులో దుకాణం ముందు కూర్చుని అమ్మేవారిలో ఎక్కువమంది పురుషులు, కొనేవారిలో ఎక్కువమంది స్త్రీలు. పెళ్లికూతురు కన్ను ఏ గాజు మీద నిలిచింది, తల్లి ఏ ధర దగ్గర వెనకాడింది, బేరం ఎక్కడ తెగుతుంది అన్నది వ్యాపారి ముఖకవళికల్లోనే చదవాలి. నిర్వచనం ప్రకారం ఇది భావోద్వేగ ప్రజ్ఞే. కాని దీన్ని మనం 'వ్యాపార దక్షత' అంటాం. అదే నేర్పు ఉపాధ్యాయినిలోనో నర్సులోనో కనిపిస్తే 'ఓర్పు' అనీ 'మాతృసహజం' అనీ అంటాం. దక్షతకు లాభం వస్తుంది, స్వభావానికి ప్రశంస వస్తుంది. ప్రతిఫలం ఉన్నచోట పురుషులూ భావాలను చదవగలరన్న క్లైన్, హాడ్జెస్ పరిశీలనకు ఈ బజారు ఒక నిత్యజీవిత ఉదాహరణగా నిలుస్తుంది.

5. పనిచోటు అంటే ఏది?

పాతబస్తీ ఇళ్లలో జర్దోజీ కుట్టు, గాజులకు రాళ్లు అద్దడం వంటి పనులు చేసే స్త్రీలకు కూలి ముక్క లెక్కన అందుతుంది. మధ్యవర్తి మనసెరిగి మాట్లాడడం, ఆలస్యమైన కూలిని బంధం తెగకుండా అడగడం, ఇంటిపనికీ కుట్టుపనికీ మధ్య ఇంట్లోవారిని సమాధానపరచడం వారి దినచర్యలో భాగం. ఉపాధ్యాయులు, బ్యాంకు సిబ్బంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల నుంచి మాత్రమే తీసుకున్న నమూనాలో వీరు ఉండరు. పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 నాటి చట్టం నివాసగృహాన్నీ పనిచోటు నిర్వచనంలో చేర్చింది. మన పరిశోధనా పరికరాలు అంత దూరం కూడా రాలేదు.

వృత్తిపై ఈ ప్రజ్ఞ ప్రభావం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. భావోద్వేగ శ్రమ అధికంగా ఉండే ఉద్యోగాల్లోనే అది పనితీరుతో బలమైన సంబంధం చూపుతుందని జోసెఫ్, న్యూమన్ 2010 నాటి సమగ్ర విశ్లేషణ తెలిపింది. అటువంటి పనుల్లో ఇది ఒక అర్హతే అయితే, జీతనిర్ణయంలోనూ పదోన్నతిలోనూ దానికి లెక్క ఉండాలి. లెక్క లేనప్పుడు 'మీకు ప్రజ్ఞ ఎక్కువ' అన్న పొగడ్త అదనపు పనిని అప్పగించే మర్యాదైన పద్ధతి అవుతుంది. సిబ్బంది తగవులు తీర్చడం, ఏడ్చే విద్యార్థిని ఊరడించడం, కోపంతో వచ్చినవారికి సర్దిచెప్పడం మహిళా అధ్యాపకుల బాధ్యతగా మారడం కళాశాలల్లో పనిచేసేవారికి కొత్త విషయం కాదు.

6. ముగింపు

భావోద్వేగ ప్రజ్ఞలో జెండర్ భేదాన్ని అధ్యయనం చేసే పరిశోధకులు స్త్రీ, పురుష అన్న రెండు గడులకు తోడు మరో మూడు అంశాలను నమోదు చేయాలి. అవి పనిలో వ్యక్తి స్థానం, ఆ నేర్పుకు దక్కే ప్రతిఫలం, గుర్తించినదానిపై చర్య తీసుకునే అధికారం. ఈ మూడింటినీ నియంత్రించిన తర్వాత కూడా భేదం మిగిలితే అప్పుడు స్వభావం గురించి చర్చించవచ్చు. అంతవరకు మన పట్టికల్లో కనిపించే సార్థక భేదం మనుషుల కంటే వారు పనిచేసే చోటును గురించే ఎక్కువ చెబుతున్నదని భావించడం సముచితం.