సామాజిక ఆరోగ్య విద్య : చదువు, వృత్తి - ఒక విమర్శ

ఆరోగ్యమునకు సంబంధించిన చదువు అనగానే విద్యార్థులకు వైద్యము, నర్సింగు, ఔషధశాస్త్రము స్ఫురించును. రోగము వచ్చిన తరువాత వీరందరును కావలసినవారే. కాని రోగము రాకుండ ఒక ఊరు తన అలవాట్లను, పరిసరములను మార్చుకొనుటకు తోడ్పడు పని వేరొకటి కలదు. దానిని శాస్త్రముగా బోధించు శాఖయే సామాజిక ఆరోగ్య విద్య. చేతులు కడుగుకొనుమని, నీరు కాచి త్రాగుమని చెప్పుటకు విశ్వవిద్యాలయ పట్టమెందులకని అడుగువారు కలరు. ఈ ప్రశ్నను తోసిపుచ్చరాదు. ఈ చదువు విలువ దీనికి లభించు సమాధానముపైననే ఆధారపడియున్నది.

ఈ విద్య మిక్కిలి క్రమబద్ధముగా రూపొందిన దేశములలో అమెరికా ఒకటి. అచ్చటి పలు విశ్వవిద్యాలయములు ఇందులో బాచిలర్, మాస్టర్ పట్టముల నిచ్చుచున్నవి. శరీరశాస్త్రము, వ్యాధులు జనులలో ఎట్లు వ్యాపించునో పరిశీలించు ఎపిడెమియాలజీ, సంఖ్యాశాస్త్రము, మనస్తత్త్వశాస్త్రము, కార్యక్రమముల రూపకల్పన ముఖ్యమైన పాఠ్యాంశములు. వీటికితోడు క్షేత్రశిక్షణ యుండును. 1990లో అచ్చట ఈ వృత్తికి జాతీయస్థాయి అర్హత పరీక్ష మొదలైనది. 2020లో సవరించిన పట్టిక ప్రకారము ఆరోగ్య విద్యాబోధకుని బాధ్యతలు 8. అవి సమాజపు అవసరములను, శక్తిసామర్థ్యములను అంచనా వేయుట, ప్రణాళిక వేయుట, అమలు జరుపుట, ఫలితములను కొలిచి పరిశోధించుట, ప్రజల పక్షమున వాదించుట, సమాచారము నందించుట, నాయకత్వము, నిర్వహణ, వృత్తిధర్మమును పాటించుట.

ఈ పట్టికలో ఒక విశేషము గమనింపదగినది. జనులు ఆరోగ్య విద్య అని భావించు ‘చెప్పుట’ 8 బాధ్యతలలో ఒకటి మాత్రమే. అవసరమును కనుగొనుట దానికి ముందున్నది. ఫలితమును కొలుచుట కూడ వేరు బాధ్యతగనే యున్నది. ఈ శాఖ మాటలు చెప్పుటకు మించినదని ఈ పట్టికయే ఒప్పుకొనుచున్నది. అట్లు ఒప్పుకొనుటకు వెనుక కొన్ని అపజయములు కలవు.

1955లో బెంజమిన్ పాల్ సంపాదకత్వమున ‘హెల్త్, కల్చర్ అండ్ కమ్యూనిటీ’ అను గ్రంథము న్యూయార్కులో వెలువడినది. అందులో ఎడ్వర్డ్ వెల్లిన్ వ్రాసిన అధ్యాయము ఒకటి ఈ శాఖలో మిక్కిలి ప్రసిద్ధము. పెరూ దేశపు తీరప్రాంతమున లాస్ మొలినోస్ అను పల్లెలో సుమారు 200 కుటుంబములుండెను. ఆరోగ్యశాఖ పంపిన ఒక మహిళా కార్యకర్త 2 సంవత్సరములు ఇల్లిల్లు తిరిగి, నీరు కాచి త్రాగుడని బోధించెను. ఆమె రాకకు పూర్వమే 15 ఇండ్లలో నీరు కాచుచుండిరి. 2 సంవత్సరముల శ్రమకు ఫలితముగా క్రొత్తగా చేరినవి 11 ఇండ్లు మాత్రమే.

కార్యకర్త సోమరి కాదు. ఆమె చెప్పినది అసత్యమును కాదు. మరి మిగిలినవారు ఏల వినలేదు? ఆ ఊరివారి భావన ప్రకారము ప్రతి పదార్థమునకును వేడి లేక చలువ అను స్వభావము కలదు. ఇది ఉష్ణమాపకములో కనబడు వేడిమి కాదు. మామిడిపండు వేడి చేయునని, మజ్జిగ చలువ చేయునని అనుకొను తెలుగువారికి ఈ భావన క్రొత్త కాదు. పచ్చినీరు మిక్కిలి చలువ గనుక రోగికి పడదనియు, కాచినచో ఆ చలువ విరుగుననియు వారి నమ్మకము. కావున కాచిన నీరు వారి దృష్టిలో రోగుల పథ్యము. ఆరోగ్యవంతుడు దానిని ఏల త్రాగవలెను? కార్యకర్త సూక్ష్మజీవులనుగూర్చి మాటాడుచుండగా గృహిణి పథ్యమునుగూర్చి ఆలోచించుచుండెను. ఇద్దరును నీటినిగూర్చియే మాటాడుకొనుచున్నను ఒకరి మాట ఒకరికి చేరలేదు.

ఈ వృత్తాంతమును మూఢనమ్మకము విజ్ఞానమును ఓడించిన కథగా చెప్పుట పరిపాటి. ఆ వ్యాఖ్యానము సరికాదు. వెల్లిన్ వ్రాసినది జాగ్రత్తగా చదివినచో ఆ ఊరివారి ఆలోచనలో ఒక క్రమము కలదని తెలియును. అంతేకాదు. నమ్మిన ఇల్లాలికి సహితము ప్రతిదినము నీరు కాచుటకు వంటచెరకు కావలెను, తీరిక కావలెను. ఇంటింటను ప్రతిదినమును చేయవలసిన శ్రమను స్త్రీలపైననే మోపి, వారు చేయనప్పుడు అజ్ఞానమని నిందించుట న్యాయము కాదు. సంస్కృతిని తెలిసికొనవలెనను పాఠము ఈ అధ్యాయమునుండి అందరును గ్రహించిరి. వంటచెరకును లెక్కలోనికి తీసికొనవలెనను పాఠము అంతగా గ్రహింపబడలేదు.

ఈ లోపము శాఖలోని సిద్ధాంతములయందును కనబడును. 1950 దశకమున అమెరికా ప్రజారోగ్య సంస్థలోని హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ మొదలగు శాస్త్రజ్ఞులు, క్షయవ్యాధిని కనుగొనుటకు ఎక్స్‌రే తీయు ఏర్పాటున్నను జనులు ఏల రాకున్నారని విచారించి ‘ఆరోగ్య విశ్వాస నమూనా’ను రూపొందించిరి. తనకు వ్యాధి రాగలదనియు, అది తీవ్రమైనదనియు, సూచించిన పనివలన మేలు కలుగుననియు, ఆ మేలు తనకు కలుగు అడ్డంకులకంటె ఎక్కువనియు తోచినప్పుడే మనుష్యుడు ఆ పనికి పూనుకొనునని దీని సారాంశము. ఇది ఉపయోగకరమైన సిద్ధాంతమే. కాని ఇది అడ్డంకులనుకూడ మనుష్యుడు వాటిని భావించు తీరునుబట్టియే చూచును. బావి దూరముగా నున్నచో ఆ దూరము భావన కాదు.

లారెన్స్ గ్రీన్ 1970 దశకమున ఈ కొరతను కొంత తీర్చెను. ఆయన ప్రవర్తనకు మూలమైన కారణములను 3 తరగతులుగా విభజించెను. జ్ఞానము, నమ్మకము మొదలగునవి మనస్సును సిద్ధపరచునవి. నీరు, పరికరములు, నైపుణ్యము మొదలగునవి పనిని సాధ్యము చేయునవి. ఇరుగుపొరుగుల మెప్పు, కలిగిన మేలు మొదలగునవి ఆ పనిని నిలబెట్టునవి. మూడింటిలో ఏది లోపించినను అలవాటు నిలువదు. ఉపన్యాసములు, గోడపత్రికలు ముఖ్యముగా మొదటి తరగతికే చెందును. ఆరోగ్య విద్య అంతటితో ఆగినచో లాస్ మొలినోస్ అనుభవమే తిరిగి కలుగును.

మూడును కూడివచ్చినచో ఏమి జరుగునో మన దేశపు నారికురుపు చరిత్ర తెలుపుచున్నది. ఈ వ్యాధికి టీకా లేదు. పురుగును చంపు మందును లేదు. నీటిలోని సైక్లాప్స్ అను చిన్న జీవులు ఈ పురుగు పిల్లలను మోయును. ఆ నీటిని త్రాగిన మనుష్యుని శరీరములో పురుగు పెరిగి, సుమారు 1 సంవత్సరము తరువాత చర్మమును చీల్చుకొని, ఎక్కువగా కాలినుండి, బయటికి వచ్చును. ఆ కాలితో రోగి దిగుడుబావిలోనికి దిగినచో పురుగు పిల్లలు మరల నీటిలో చేరును. నాటి ఆంధ్రప్రదేశములోని కొన్ని ప్రాంతములతో సహా పలు రాష్ట్రములలో ఇది వ్యాపించియుండెను. 1983-84లో జాతీయ నిర్మూలన కార్యక్రమము ఆరంభమైనది. నీటిని సన్నని గుడ్డతో వడగట్టుడని, పుండుతో బావిలో దిగకుడని ప్రజలకు నేర్పిరి. దానితోడనే చేతిపంపులు వేసిరి. దిగుడుబావులను మార్చిరి. నీటిలో సైక్లాప్సును చంపు మందు చల్లిరి. ఊరూరను రోగులను వెదకి లెక్క తీసిరి. చివరి రోగి 1996లో రాజస్థానములో కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును ఈ వ్యాధినుండి విముక్తమైనదిగా ధ్రువీకరించెను. మందులేని వ్యాధిని తొలగించిన ఈ విజయములో బోధన ప్రధానమైన సాధనము. కాని అది ఒంటరిగా పనిచేయలేదు. ఒక చేత గుడ్డ, ఒక చెంత చేతిపంపు ఉండగా చెప్పిన మాట గనుక అది ఫలించినది.

ఈ దృష్టితో వృత్తిని పరిశీలింపవలెను. మన దేశమున 1956లో కేంద్ర ఆరోగ్య విద్యా సంస్థ ఢిల్లీలో ఏర్పడినది. 1932లో స్థాపితమైన కలకత్తాలోని అఖిల భారత పరిశుభ్రతా, ప్రజారోగ్య సంస్థయు, తమిళనాడులోని గాంధీగ్రామ్ సంస్థయు ఈ విద్యలో డిప్లొమా శిక్షణకు పేరొందినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయము ప్రజారోగ్యములో మాస్టర్ పట్టమునకు బోధించుచున్నది. తెలుగు రాష్ట్రముల ఆరోగ్యశాఖలలో జిల్లా విస్తరణ, మాధ్యమ అధికారి, ఆరోగ్య విస్తరణాధికారి మొదలగు ఉద్యోగములు ఈ పనికి సంబంధించినవే. స్వచ్ఛంద సంస్థలు, ఆసుపత్రులు, కర్మాగారములలోని ఆరోగ్య విభాగములు, పోషకాహార కార్యక్రమములు, పరిశోధన సంస్థలు ఇతర మార్గములు. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకముతో ఊరూరను ఆశా కార్యకర్తలు వచ్చిరి. వారికి శిక్షణనిచ్చి వెన్నుదన్నుగా నిలుచుటకును ఈ విద్య నెరిగినవారు కావలెను.

ద్వారములు పెక్కు కలవు గాని ఈ శాఖ పేరు వ్రాసియున్న ద్వారములు తక్కువ. అమెరికా ప్రభుత్వము 1998లో ఆరోగ్య విద్యాబోధకులను ప్రత్యేక వృత్తిగా తన వృత్తుల పట్టికలో గుర్తించెను. మన దేశమున 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టము తన పట్టికలో వీరిని చేర్చినది. చట్టములో పేరు చేరుట మేలే. పట్టికలోని పేరు ఉద్యోగముగా మారినప్పుడే విద్యార్థికి దానివలన ప్రయోజనము. ఈ సంగతి దాచి, ఉద్యోగము తథ్యమని చెప్పి విద్యార్థులను చేర్చుకొనుట తగదు.

వృత్తిలో మరియొక చిక్కు కలదు. ఎన్ని సభలు జరిగినవి, ఎన్ని కరపత్రములు పంచిరి అను లెక్క సులభము. ఎన్ని ఇండ్లలో అలవాటు మారినది, మారనిచో అందుకు కారణమేమి అను లెక్క కష్టము. మొదటి లెక్కతో తృప్తిపడు కార్యాలయములో మంచి శిక్షణ పొందిన యువకుడును కొద్దికాలములోనే కరపత్రములు పంచువాడుగా మారిపోవును. పెరూ పల్లెలోని కార్యకర్త ఎన్ని ఇండ్లకు వెళ్ళెనో లెక్కించి ఊరకుండినచో ఆమె పని ఘనవిజయముగా కనబడియుండెడిది. కాచిన కుండలను లెక్కించుటచేతనే నిజము తెలిసినది.

కావున ఈ చదువునకు పోదలచు విద్యార్థియు, అతనికి సలహా నిచ్చు ఉపాధ్యాయుడును కళాశాల భవనములనుగాక పాఠ్యక్రమమును చూడవలెను. సంఖ్యాశాస్త్రము గట్టిగా నేర్పుదురా? విద్యార్థి ఒక ఊరిలో నెలలతరబడి ఉండి, అచ్చటివారి మాట వినవలసియుండునా? తాను చేసిన కార్యక్రమము ఫలించినదో లేదో తానే కొలిచి, ఫలింపకున్నచో ఆ మాట నివేదికలో వ్రాయవలసియుండునా? వీటికి అవునను సమాధానము లభించినచో ఆ చదువు పట్టమునకు తగినదే. లేనిచో, నీరు కాచుమని చెప్పుటకు పట్టమెందులకను ప్రశ్నకు ఆ కళాశాలవద్ద సమాధానము లేదని గ్రహింపవలెను.