దేనికి మాహిర్?

ఉర్దూలో 'మాహిర్' అనే మాట ఒంటరిగా నిలబడదు. మాహిర్-ఎ-తాలీమ్, మాహిర్-ఎ-ఖానూన్, మాహిర్-ఎ-మాషియాత్... చదువుకో, చట్టానికో, ఆర్థికానికో, దేనికి మాహిరో వెంటనే చెప్పాలి. తెలుగులో 'మేధావి'కి ఆ ఇబ్బంది లేదు. దేంట్లో మేధావి అని ఎవరూ అడగరు. (ఉర్దూలో 'దానిష్వర్' కూడా ఇదే బాపతు. మావాళ్లనేం వెనకేసుకు రావడం లేదు.) ఎడిట్ పేజీల్లో, టీవీ చర్చల్లో ముస్లింల గురించి తీర్పులు చెప్పేది ఎక్కువగా ఈ రకమే. పేరు కింద ప్రొఫెసర్ అని వేస్తారు. దేని ప్రొఫెసరో వెయ్యరు. ఫిజిక్స్ చెప్పే ఆయన షరియత్ మీద మాట్లాడతాడు. మాట్లాడకూడదని కాదు, పౌరుడిగా ఎవరైనా మాట్లాడొచ్చు. కానీ పౌరుడి అభిప్రాయాన్ని శాస్త్రం పేరుతో చలామణీ చేస్తున్నారు. మా పేచీ అక్కడే.

అసలైన నిపుణులే మాట్లాడితే బాగుంటుందా? అదీ చూద్దాం. 2024 మేలో ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి ఒక వర్కింగ్ పేపర్ తెచ్చింది. 167 దేశాల్లో 1950 నుంచి 2015 దాకా మతాల వాటా ఎలా మారిందో లెక్క కట్టారు. మన దేశంలో హిందువుల వాటా 84.68 నుంచి 78.06 శాతానికి తగ్గింది, ముస్లింల వాటా 9.84 నుంచి 14.09కి పెరిగింది అన్నారు. ఇందులో రహస్యమేం లేదు. సెన్సస్ తిరగేసిన వాళ్లందరికీ తెలిసిందే. అయితే పేపర్ అక్కడ ఆగలేదు. హిందువుల వాటాలో 7.82 శాతం తగ్గుదల, ముస్లింల వాటాలో 43.15 శాతం పెరుగుదల అని ఇంకో లెక్క వేసింది. హెడ్డింగులకు కావలసింది ఆ ఒక్కటే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పోలింగ్ మే 13న. ఈ 43 ఊళ్లలోకి వచ్చింది అంతకు ముందు వారమే.

నేను బి.ఏ. వాణ్ణి, అయినా ఈ పాటి లెక్క వచ్చు. 14.09 లోంచి 9.84 తీసేస్తే మిగిలేది 4.25. అరవై అయిదేళ్లలో నాలుగుంపావు. దాన్ని మళ్లీ 9.84తో భాగిస్తే 43 వస్తుంది. చిన్న అంకె మీద ఏ కాస్త పెరిగినా శాతం పెద్దదవుతుంది. పెద్ద అంకె మీద ఎంత తగ్గినా చిన్నదిగా కనపడుతుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో మూడోవాడు పుడితే యాభై శాతం పెరుగుదల! ఇక చాయ్ హోటల్ దాకా వచ్చేసరికి 'వాటా' అన్న మాట రాలిపోయింది. 'సాయిబులు 43 శాతం పెరిగారట, మనం ఎనిమిది శాతం తగ్గామట' అన్నదే మిగిలింది. 1951లో హిందువులు దాదాపు 30 కోట్లు. 2011లో 96 కోట్ల పైన. ఈ 'తగ్గిన' వాళ్లు అరవై కోట్లకు పైగా పెరిగారు. ముస్లింలు మూడున్నర కోట్ల నుంచి 17 కోట్లయ్యారు. వేగం ఎక్కువే, కాదనం. మరి ఆ వేగం ఇప్పుడెలా ఉంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు, 2019-21 నాటికి 2.4. హిందూ స్త్రీకి 3.3 నుంచి 1.9. ఎక్కువగా తగ్గింది ఎవరికో చూడండి. అదే సర్వేలో మతంతో నిమిత్తం లేకుండా బీహార్ మొత్తం సగటు 3.0. దేశంలోని ముస్లింల సగటు కన్నా ఎక్కువ. పిల్లల సంఖ్యను నడిపేది ఆడపిల్ల చదువు, ఆస్పత్రి, ఇంటి రాబడి అని జనాభా శాస్త్రం చదివినవాళ్లు ఎప్పట్నించో చెప్తున్నారు. పాపులేషన్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా ఆ వారమే ప్రకటన ఇచ్చింది, అధ్యయనాన్ని తప్పుగా చూపిస్తున్నారని. దాన్ని లోపలి పేజీల్లో వెతుక్కోవాల్సి వచ్చింది. పేపర్ రాసినవాళ్లు అబద్ధం రాశారనను. వాటా పక్కన శాతంలో శాతం పెట్టి ఎన్నికల మధ్యలో వదిలితే ఏమవుతుందో ఊహించలేనంత అమాయకులని మాత్రం నమ్మను.

2020 ఏప్రిల్‌లో జరిగిందీ ఇదే లెక్కే, రూపం వేరు. నిజాముద్దీన్ మర్కజ్‌కి వెళ్లొచ్చిన ఆరుగురు చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం మార్చి 30న ప్రకటించింది. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ రోజువారీ సమావేశాల్లో కరోనా కేసుల్లో ఒక జమాత్ లెక్క విడిగా చదివారు. ఏప్రిల్ మధ్యకి 'దాదాపు 30 శాతం' అన్నారు. టెస్టులు తక్కువ ఉన్న రోజులవి. విదేశాల నుంచి వచ్చినవాళ్లకీ, రోగులతో కలిసినవాళ్లకీ, ఊపిరాడక ఆస్పత్రిలో చేరినవాళ్లకీ ముందు చేశారు. మర్కజ్ వాళ్లని ఊరూరా వెతికి పట్టుకుని చేశారు. ఎక్కడ వెతికితే అక్కడే కదా దొరుకుతుంది! అంతమంది ఒకచోట చేరడం ప్రమాదమే. ఆ మాట డాక్టర్లు చెప్పాలి, చెప్పారు కూడా. కానీ 30కి కింద హారంలో ఎవరున్నారని స్టూడియోలో కూచున్న వైద్య నిపుణుల్లో ఎందరడిగారు? అడిగినవాళ్లూ ఉన్నారు. కోవిడ్ మీద జట్టుకట్టిన భారతీయ శాస్త్రవేత్తల బృందం ఆ ఏప్రిల్‌లోనే, ఉన్న సమాచారం ఈ నిందను బలపరచదని ప్రకటించింది. వాళ్లలో ఎవరికీ మా మతంతో పనిలేదు. తమ శాస్త్రం పరువు కాపాడుకున్నారు, అంతే. అదే ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీది కేసులు కొట్టేసింది, వాళ్లని బలిపశువుల్ని చేసినట్టుందంది. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయుల మీది కేసులు కొట్టేసింది. ఈలోపు కూరగాయల బండి తోసుకునే మావాడిని వీధిలోకి రానివ్వని రోజులు గడిచిపోయాయి.

మా ఇంటి మాహిర్ల సంగతి కూడా చెప్పుకోవాలి. మూడు తలాఖ్ కేసులో ముస్లిం పర్సనల్ లా బోర్డు 2016లో సుప్రీంకోర్టుకి ఇచ్చిన అఫిడవిట్‌లో, విడాకుల దారి కష్టమైతే భర్త భార్యను చంపడానికైనా తెగించవచ్చన్న వాదన ఉంది. మా ఆడవాళ్ల తరఫున మాట్లాడే హక్కు వీళ్లకి ఎవరిచ్చారు? ఇటు సెక్యులర్ నిపుణులు మాత్రం తక్కువ తిన్నారా? తగిన కారణం, రాజీ ప్రయత్నం లేని తలాఖ్ చెల్లదని షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. 2017 తీర్పు రోజున ఆ మాట ఎత్తినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చెల్లని మాట అన్నందుకు మూడేళ్ల దాకా జైలు ఎలాగని 2019 చట్టాన్ని అడగాలంటే ముందు ఇది తెలియాలి. భర్త జైల్లో ఉంటే భార్యకి మనోవర్తి ఎవరిస్తారన్న ప్రశ్నకైతే ఏ పక్షమూ సరైన జవాబివ్వలేదు.

ఒక చానెల్ డెస్క్‌లో గెస్టుల ఫోన్ నంబర్ల పుస్తకం చూశాను. ఆర్థికం, న్యాయం, ఆరోగ్యం, వ్యవసాయం అని పేజీలున్నాయి. చివర 'ముస్లిం' అని ఒక పేజీ. అందులో కెమిస్ట్రీ లెక్చరర్ ఉన్నాడు, పిల్లల డాక్టరున్నాడు, చార్టర్డ్ అకౌంటెంట్ ఉన్నాడు. తలాఖ్ వచ్చినా, హిజాబ్ వచ్చినా, బక్రీద్ వచ్చినా వీళ్లకే ఫోనో. బడ్జెట్ రోజున ఆ అకౌంటెంట్‌ని పిలవరు. డెంగ్యూ రోజుల్లో ఆ డాక్టర్ని పిలవరు. వాళ్ల పక్కన కూచున్న ఆయన 'విశ్లేషకుడు', వీళ్లు 'ముస్లిం మేధావులు'. ఆయన హిందువని స్క్రీన్ మీద ఎప్పుడైనా వేశారా? మా చదువులన్నీ ఆ చివరి పేజీలో పడి ఒకే సబ్జెక్టు అయిపోయాయి. బాధేమిటంటే మావాళ్లూ అలవాటు పడ్డారు. పిలిచినప్పుడల్లా టోపీ సర్దుకుని వెళ్లి, సంజాయిషీ చెప్పి వస్తున్నారు.

2021లో జరగాల్సిన జనగణనకు 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా ప్రకటించారు. ఈసారి కులం కూడా అడుగుతారు. సయ్యద్, షేక్, దూదేకుల, మెహతర్ ఎవరెంతమందో బయటపడుతుంది. మతాల అంకెలు ఏ సాయంత్రం వచ్చినా ఆ రాత్రికే స్టూడియోల్లో కుర్చీలు వేస్తారు. 'ముస్లిం' పేజీలోని నంబర్లకి ఫోన్లు వెళ్తాయి. ఆ పిల్లల డాక్టర్ ఈసారి ఫోన్ ఎత్తి, జనాభా శాస్త్రం చదివినవాళ్ల నంబర్ ఇచ్చి పెట్టేస్తే బాగుండు.