ప్రశస్తి, పొలం హద్దులు

వేంగిని ఏలిన రెండో విజయాదిత్యుడు పన్నెండేళ్ళలో 108 యుద్ధాలు చేశాడని, అన్నే శివాలయాలు కట్టించాడని అతని తర్వాతి చాళుక్య రాజుల తామ్రశాసనాలు చెబుతాయి. గోదావరి జిల్లాల్లో ఏ పాత గుడి ముందు నిలబడినా, ఆ నూట ఎనిమిదిలో ఇదొకటేమో అనిపిస్తుంది. కానీ అది యుద్ధాల లెక్కా, జపమాల పూసల లెక్కా?

అవతలి పక్షం రాష్ట్రకూటులు. వాళ్ళ రాజు మూడో గోవిందుడి రాధన్‌పూర్ శాసనం (క్రీ.శ. 808) చూస్తే కథ తిరగబడుతుంది. కబురందడమే ఆలస్యం, వేంగి రాజు పరుగెత్తుకొచ్చి గోవిందుడి విడిదికి గోడ కట్టే పనిలో సేవకుడిలా చాకిరీ చేశాడట. ఒకటే పగ. రెండు వైపులా రాగిరేకులే, రెండు వైపులా గెలుపే.

ఈ రేకులు మనసులో పెట్టుకుని బైబిల్లో యెహోషువ గ్రంథం చదివి చూడండి. యెరికో గోడలు కూలిన కథ డెల్టాలో ఎన్నో ఊళ్ళ పిల్లలకు కంఠతా వచ్చు. అందులో 12వ అధ్యాయం ఓడిన రాజుల జాబితా: మొత్తం 31 మంది. మన 108కి చుట్టంలాగే ఉంటుంది. వింతేమిటంటే, క్రీ.పూ. 15వ శతాబ్దం నుంచి 12వ శతాబ్దం దాకా కనాను ఈజిప్టు పెత్తనం కింద ఉంది. అయినా ఆ దేశాన్ని జయించిన కథలో ఫరో సైన్యం ఒక్కసారీ ఎదురుపడదు. యెరికోలో 1950లలో తవ్విన కాథలీన్ కెన్యన్, ఆ కోట యెహోషువ కాలానికి చాలా ముందే నాశనమైందని తేల్చింది.

ఇక్కడ చాలామంది పుస్తకం మూసేసి, 'రాయి గెలిచింది, గ్రంథం ఓడింది' అంటారు. నా పేచీ అక్కడే. రాయి జడ్జీ కాదు, అదీ ఒక కక్షిదారే. కాదేషు దగ్గర ఒంటిచేత్తో గెలిచానని రెండో రామెసెస్ గుడి తర్వాత గుడిలో చెక్కించుకున్నాడు. కాదేషు మాత్రం హిట్టైట్లకే మిగిలింది. అతని కొడుకు మెర్నెప్తా, క్రీ.పూ. 1208 ప్రాంతంలో, ఇశ్రాయేలు విత్తనం కూడా మిగల్లేదని రాయించాడు. ఆ పేరు కనిపించే అతి పాత శాసనంగా మనకు దొరికింది అదే. అంటే ఇశ్రాయేలు గురించిన మొదటి వార్తే చావువార్త, అదీ అబద్ధం!

మరి దేన్ని నమ్మాలి? గెజెరు అనే ఊరిని తీసుకుందాం. దాన్ని పట్టుకున్నానని మెర్నెప్తా రాతి మీద ఉంది. దాని రాజు ఓడాడని యెహోషువ జాబితాలో ఉంది. కానీ బైబిల్లోనే తర్వాతి పుస్తకం, న్యాయాధిపతులు, మొదటి అధ్యాయంలోనే ఒప్పేసుకుంటుంది: గెజెరువాళ్ళని వెళ్ళగొట్టలేకపోయాం, వాళ్ళు మన మధ్యే ఉన్నారు అని. నేను నమ్మేది ఈ మాటని. రాసినవాడికి గొప్ప తెచ్చే మాట కాదు కాబట్టి. మెర్నెప్తా రాతిలోనూ అలాంటి చిన్న సంగతొకటి ఉంది. గెజెరు పక్కన దేశాన్ని సూచించే గుర్తు వేసిన లేఖకుడు, ఇశ్రాయేలు పక్కన మనుషుల గుర్తు వేశాడు. రాజుకి గొప్ప చెప్పే తొందరలో, వాళ్ళు ఇంకా ఒక దేశంగా కుదురుకోని జనమని చెప్పేశాడు.

మన తామ్రశాసనాల్లోనూ అంతే. మొదట వంశప్రశస్తి, చివర్లో దానమిచ్చిన పొలం హద్దులు: ఫలానా చెరువు, ఫలానా పుట్ట, ఫలానా ఊరి పొలిమేర. ప్రశస్తిలో ఎంత కోసినా అడిగేవాడు లేడు. హద్దు తప్పు రాస్తే మర్నాడే పక్క ఊరివాళ్ళు గొడవకొస్తారు.

ఇవాళ ఎవరి గ్రంథంలోని గెలుపుని చూపించి వాళ్ళు 'ఈ నేల మాది' అంటున్నారు. ఎదుటివాళ్ళు ఇంకో రాయి తెచ్చి చూపిస్తున్నారు. రెండూ ప్రశస్తులే. గెజెరువాళ్ళు తమ తరఫున ఏ పుస్తకమూ మిగల్చలేదు. వాళ్ళు అక్కడే బతికారన్న సంగతి, గెలిచామన్నవాళ్ళ పుస్తకంలోనే ఒక వాక్యంగా దొరికింది. మనం వెతుక్కోవాల్సింది అలాంటి వాక్యాలనే.