ఫెడరలిస్టు వ్యాసములు: వాదమా, చరిత్రయా?

హామిల్టన్, మాడిసన్, జే అను మువ్వురు 'పబ్లియస్' అను మారుపేరుతో 1787-88లో ప్రకటించిన 85 ఫెడరలిస్టు వ్యాసములను అమెరికా తొలినాళ్ల చరిత్రకు ప్రమాణముగా గ్రహించువారు కలరు. ఆ ప్రామాణ్యమును మేమిచట పరిశీలింపదలచితిమి.

1781లో అమలులోనికి వచ్చిన సమాఖ్య నిబంధనలు కాంగ్రెసునకు పన్నులు విధించు అధికారము నీయలేదు. వానిని సవరింపవలెనన్న 13 రాష్ట్రములును సమ్మతింపవలెను. చిన్న రాష్ట్రమగు రోడ్ ఐలాండ్ నిరాకరించుటచే దిగుమతి సుంకపు ప్రతిపాదన 1782లో భంగపడెను. కేంద్రశాసనములు రాష్ట్రప్రభుత్వములకే గాని పౌరులకు నేరుగా వర్తింపమియే ఈ దుఃస్థితికి మూలమని 15వ వ్యాసమున హామిల్టన్ నిరూపించెను. ఇంతవరకు ఆ విమర్శ నిర్దుష్టము.

కాని ఆ దుర్బల కాంగ్రెసే 1783లో బ్రిటనుతో సంధి నొనర్చెను. 1787లో వాయవ్య ప్రాంత శాసనమును చేసి, అచట బానిసత్వమును నిషేధించి, అందేర్పడబోవు రాష్ట్రములకు సమానప్రతిపత్తిని వాగ్దానము చేసెను. పశ్చిమ భూములందు కాంగ్రెసు చేసిన యీ వ్యవస్థను మాడిసన్ 38వ వ్యాసమున నిందింపలేదు. కాని అధికారము లేకయే చేసిన పనిగా చూపి తన వాదమునకే వినియోగించుకొనెను. సాఫల్యము సైతము దోషమునకు సాక్ష్యమైనది!

ఇది న్యూయార్కు ప్రజలను నూతన రాజ్యాంగమునకు సుముఖులను జేయ వ్రాసిన న్యాయవాది రచన. వాదము గెలిచినది గావున ఎదుటి పక్షమున సత్యము లేదనుకొనుట పరిశోధకునకు తగదని మా యభిప్రాయము.